కుమ్మరికి శాలువా చాలునా?

చరిత్ర సంఘములవారు చందాలకై విందు చేయుట, ఆ విందులో ప్రాచీనవృత్తులవారిని వేదిక యెక్కించి సన్మానించుట నేడు పట్టణములలో వాడుకయైనది. పలాసలోగాని టెక్కలిలోగాని కుమ్మరుల గౌరవార్థమై యట్టి విందు చేయ నెవరైన సంకల్పించినచో మాకు సంతోషమే. కాని ఆ పంక్తిలో మంచినీరు ప్లాస్టిక్ సీసాలలోను, పులుసు కాగితపు గిన్నెలలోను వడ్డింతురేని, అది సన్మానమా, పరిహాసమా?

వంశధార యొడ్డున శాలిహుండము కొండపైని బౌద్ధక్షేత్రమును 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిరి. తరువాతి త్రవ్వకములలో స్తూపములతోపాటు అక్షరములు చెక్కిన కుండపెంకులును బయల్పడినవి. ఆ పెంకులను అద్దాల పెట్టెలో దాచి మురియువారు, సారె త్రిప్పు చేతులను గాలికి వదలుట యేమి న్యాయము?

మన పెద్దలకు కుమ్మరిని గౌరవించుట తెలియును. పెండ్లికి మేళతాళములతో అతని యింటికి పోయి, బియ్యము, బట్ట, పైకము సమర్పించి అవిరేణి కుండలు తెచ్చుకొనెడివారు. సరకు కొని గౌరవించిరి, ఉపన్యాసముతో సరిపెట్టలేదు. మన తీరమునుండి పూరీకి పోవు యాత్రికులు చూచుచునే యున్నారు: జగన్నాథుని మహాప్రసాదము మట్టికుండలలోనే వండుదురు, నేటి కుండ రేపటికి పనికిరాదు. దేవుడే కుమ్మరికి నిత్యము పని కల్పించుచుండగా, చరిత్ర సంఘము ఏటికొక పూట భోజనముతో ఋణము తీర్చుకొనునా?

ప్రభుత్వముల మాటయు నిట్టిదే. స్టేషన్లలో తేనీరు మట్టిముంతలలో అమ్మవలెనని 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ అనెను. 2020లో పీయూష్ గోయల్ మరల ననెను. రెండవమారు చెప్పవలసివచ్చుటయే మొదటిమాట యేమైనదో చాటుచున్నది. ప్లాస్టిక్ పళ్లెములను, గ్లాసులను 2022 జూలై 1 నుండి నిషేధించిరి. వాని స్థానమున వచ్చినది కాగితమేగాని మన్ను గాదు.

ఉద్దానపు టూళ్లలో మూత్రపిండవ్యాధికి వెఱచి డబ్బానీరు కొనుచున్నారు. కుండనీరు ఆ వ్యాధిని మాన్పునని మేమనము. అట్లు చెప్పి కుండలమ్మువారిని నమ్మవలదు. కాని కొన్న నీటిని చల్లబఱచుటకు మట్టికూజా చాలదా?

అసలు చిక్కు మన్నుకడ నున్నది. కుండలు, ప్రమిదలు, బొమ్మలు చేయుటకు కుమ్మరులు తమ యాచారము చొప్పున చేతితో త్రవ్వుకొను మన్నుకు ముందుగా పర్యావరణ అనుమతి యక్కరలేదని కేంద్రప్రభుత్వము 2016 జనవరి 15న ప్రకటించినది. ఈ సంగతి యెఱిగిన కుమ్మరు లెందఱు? ఎఱిగిన గ్రామాధికారు లెందఱు? ఆ ప్రకటనను తెలుగున ముద్రించి, కుమ్మరి వీధులలో ఇంటింటికిని పంచుట చరిత్ర సంఘమునకు తగని పనియా? చెఱువులను పూడ్చి యిండ్ల స్థలములు వేయుచున్నప్పుడు అడ్డుపడుట వారి పని గాదా? చెఱువు పోయినవెనుక అనుమతిపత్రమును పిసికి కుండ చేయలేరు గదా!

కావున విందు తలపెట్టువారికి మా మనవి యిది. టిక్కెట్ల పైకములో సగము నెల ముందుగనే కుమ్మరుల చేతిలో బయానాగా పెట్టుడు. అన్నము మూకుళ్లలో, పులుసు చట్లలో, నీరు ముంతలలో వడ్డింపుడు. తిన్నవారు ఆ పాత్రలను కడిగి యింటికి కొనిపోవుదురు గాక. కుమ్మరిని వేదికపై గాక పంక్తిలో మీ ప్రక్కనే కూర్చుండబెట్టుడు. శాలువా మాట, పైకము మిగిలిన చూచుకొందురు.