ముందు ఫుట్‌పాత్, ఆ తర్వాతే ఫ్లైఓవర్

హైదరాబాద్ నగర ప్రజలకు విజ్ఞప్తి

మన నగరంలో కూడళ్లను ‘సిగ్నల్ ఫ్రీ’ చేయడమే అభివృద్ధి అంటున్నారు. చాలాచోట్ల సిగ్నళ్లు ఎత్తేసి, డివైడర్లు మూసేసి, కాస్త దూరంలో యూటర్న్‌లు ఇచ్చారు. కార్లకు ఆగే పని తప్పింది. మరి రోడ్డు అవతల మందుల షాపుకు వెళ్లాల్సిన ముసలాయన ఏం చేయాలి? ఎర్ర లైటు పడి బండ్లు ఆగితేనే కదా కాలినడకన వచ్చేవాళ్లకు సందు దొరికేది! ఆ లైటే లేకపోతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాలి. సిగ్నల్ ఉన్నచోట కూడా ఫ్రీ లెఫ్ట్ ఉంటుంది. అటు తిరిగే బండ్లు క్షణం ఆగవు.

దీనికి అధికారులు చూపే మందు ఫుట్ ఓవర్ బ్రిడ్జి. ఉప్పల్ రింగ్ రోడ్డులో 2023లో స్కైవాక్ కట్టారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టి మెట్రో స్టేషన్‌కు కలిపారు. అంత పెద్ద కూడలికి అది అవసరమే. కానీ ప్రతి రోడ్డుకూ అదే మందు పనికిరాదు. చంకలో బిడ్డ, చేతిలో కూరగాయల సంచి ఉన్న తల్లి అన్ని మెట్లు ఎక్కి దిగాలి గానీ, కారులో కూర్చున్నాయన అర నిమిషం ఆగకూడదా?

2023లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. వారిలో 35 వేల మందికి పైగా కాలినడకన వెళ్తున్నవాళ్లే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగులకు కూడా అనువుగా ఉండాలంది. కాబట్టి మనం అడుగుతున్నది దయ కాదు.

మెట్రోకు వేల కోట్లు ఖర్చయ్యాయి. 2017 నవంబరులో మొదలై మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లకు విస్తరించింది. రైలు దిగి కిందికి వచ్చాక ఇంటిదాకా ఉన్న అర కిలోమీటరు మాత్రం ఎవరికీ పట్టలేదు. అడుగడుగునా పార్కింగ్ చేసిన బైకులు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, పగిలిన మ్యాన్‌హోల్ మూత. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. లక్షల మందికి మేలు చేసిన నిర్ణయమది. కానీ చీకటి పడ్డాక బస్ స్టాప్ నుంచి బస్తీ దాకా వెలుతురు లేకపోతే, ఆ ప్రయాణానికి భయం తోడుగా వస్తుంది.

అవుటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకలు కూడా ఉన్నాయి. ఆదివారం వ్యాయామానికి అది బాగుంటుంది. బాలానగర్‌లో షిఫ్టుకు సైకిల్ మీద వెళ్లే కార్మికుడికి కావలసింది మాత్రం ఆ ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు పక్కన ఒక వరుస.

ఫ్లైఓవర్ కడితే రద్దీ తగ్గదా అని అడుగుతారు. ఒక కూడలిలో తగ్గిన రద్దీ ఆ ఫ్లైఓవర్ దిగేచోట కాచుకుని ఉంటుంది. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ కొత్త కార్లు వచ్చి చేరతాయి. మూడు కార్లు పట్టే జాగాలో ఒక సిటీ బస్సు యాభై అరవై మందిని తీసుకెళ్తుంది. ఆ బస్సు కార్ల వెనక ఇరుక్కుపోతుంటే దానికి వేరే వరుస ఎందుకివ్వరు?

మన ఎండల్లో ఎవరు నడుస్తారనేది ఇంకో ప్రశ్న. ఇప్పటికే నడుస్తున్నారు. ఇళ్లలో పనిచేసే అమ్మలు, బడిపిల్లలు, కూలీలు, వాచ్‌మన్లు. వాళ్లకు నీడనిచ్చే చెట్లే రోడ్డు విస్తరణలో ముందు కూలుతున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫుట్‌పాత్ ఖాళీ చేయించడమంటే మిర్చిబజ్జీల బండిని తోలేయడం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకూ చోటు చూపాలి. పైగా రాత్రి పది దాకా ఆ బండి దగ్గర దీపం, నలుగురు మనుషులు ఉంటేనే ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. తీయించాల్సింది అక్కడ పొద్దస్తమానం నిలిపి ఉంచే కార్లను.

ఇది కుదరని పనేమీ కాదు. చెన్నై నగరపాలక సంస్థ 2014లోనే నడకకు, సైకిళ్లకు ఒక విధానం తెచ్చింది. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం వాటికే పెట్టాలని అందులో రాసుకుంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన టి.నగర్ పాండీబజార్‌లో 2019 నుంచి విశాలమైన కాలిబాట ఉంది.

మన బల్దియాను, రాష్ట్ర ప్రభుత్వాన్ని మనం అడిగేవి ఇవి. ప్రతి మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్ చుట్టూ అర కిలోమీటరు మేర, ప్రతి బడికి, ఆస్పత్రికి వెళ్లే దారిలో ఫుట్‌పాత్ పూర్తయ్యేదాకా కొత్త ఫ్లైఓవర్‌కు టెండరు పిలవొద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. పెద్ద కూడళ్లన్నింటిలో నడిచేవాళ్లు దాటే సమయానికి నాలుగు వైపులా ఎర్ర లైటు పడాలి, ఫ్రీ లెఫ్ట్‌తో సహా. రద్దీ రోడ్లలో బస్సుకు ప్రత్యేక వరుస ఇవ్వాలి.

ఈ వారమే మీ ఇంటి నుంచి బస్ స్టాప్ దాకా టేపు పట్టుకుని నడవండి. ఎక్కడ 1.8 మీటర్లు లేదో, ఎక్కడ అసలు ఫుట్‌పాతే లేదో ఫొటో తీయండి. పక్కింటివాళ్ల సంతకాలతో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. ఓటు అడగడానికి గడప తొక్కే ప్రతి అభ్యర్థికీ ఆ రసీదు చూపించి, మీ వీధి ఫుట్‌పాత్ ఏ నెలలోగా పూర్తి చేస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.