రహదారి వ్యాసానికి పాఠపరిష్కరణ: తెలుగు శాఖల మౌనంపై ఒక అభ్యంతరం

కర్నూలు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి నుంచి చీలి, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరుల మీదుగా తమిళనాడులోని రాణిపేటకు పోయే దారికి ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి అని పేరు. ఇటువంటి దారి మీద తెలుగు వికీపీడియాలో రాసే వ్యాసాన్ని పంక్తి పంక్తిగా చదివి తప్పొప్పులు నిర్ణయించే పని తెలుగు శాఖలకు సంబంధించినదా? కాదన్నదే మన శాఖల్లో స్థిరపడిన అభిప్రాయం. దానికి చెప్పే కారణాలు మూడు: రోడ్డు సాహిత్య విషయం కాదు, అక్కడ ఎవరైనా రాయవచ్చు కనుక ఆ రాత ప్రామాణికం కాదు, దాన్ని పరిశీలించేవారు జీతమూ హోదా లేని ఔత్సాహికులు. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు. ఆ ఔత్సాహికులు చేస్తున్నది పాఠపరిష్కరణమే. మనం తరగతి గదిలో నేర్పే విద్యను వారు ఆచరిస్తున్నారు. వారికి ఆధారాలు సమకూర్చవలసిన మనం పక్కకు తప్పుకొన్నాం. రాయలసీమ దారుల గురించి తెలుగులో దొరికే సమాచారం పలుచగా ఉండడానికి ప్రధాన బాధ్యత మనదేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందుగా ఆ పని స్వరూపం చూద్దాం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నేడు లక్ష వ్యాసాలు దాటింది. ప్రతి వ్యాసానికీ ఒక చర్చాపేజీ, ఒక చరిత్ర పేజీ ఉంటాయి. ఎవరు ఏ అక్షరాన్ని ఏ రోజు ఏ గంటకు మార్చారో చరిత్ర పేజీలో నిలిచి ఉంటుంది. ఆధారం లేని వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు పడుతుంది. ఎదగని చిన్న వ్యాసాన్ని మొలక అంటారు; విధానాల మీది తగవులు రచ్చబండలో తేల్చుకొంటారు. (పారిభాషిక పదాల కోసం మనం సంఘాలు వేసుకొని ఏళ్ళు గడుపుతాం. మొలక, రచ్చబండ వంటి మాటలను వారు ఏ సంఘమూ లేకుండానే పనిలో పెట్టుకొన్నారు.) మన ముద్రిత కావ్యాల్లో ఎన్నింటికి ఇంత నిక్కచ్చి అయిన పాఠచరిత్ర ఉంది? ఒక ముద్రణలో ఉన్న పాఠం తరువాతి ముద్రణలో ఎవరి చేతిమీదుగా, ఏ ప్రతి ఆధారంగా మారిందో తెలియక అవస్థపడిన పరిశోధకులకు ఈ ప్రశ్న అతిశయోక్తిగా తోచదు.

రోడ్డు వ్యాసంలో పరిష్కరించడానికి ఏముంటుంది అనేవారు నంబర్ల విషయం ఒక్కటి చూస్తే చాలు. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చింది. ఉత్తర దక్షిణాలుగా పోయే ప్రధాన రహదారులకు సరిసంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు కేటాయించారు. సరిసంఖ్యలు తూర్పు నుంచి పడమరకు, బేసిసంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. అంతకుముందు కర్నూలు-చిత్తూరు దారి 18వ నంబరుది. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరుకు పోయే దారి 7వ నంబరులో భాగంగా ఉండేది. ఇప్పుడది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44లో కలిసింది. ఇంతవరకు చిక్కు లేదు. అయితే పాత పట్టికలో 40వ నంబరు షిల్లాంగ్ మీదుగా డౌకీకి పోయే మేఘాలయ దారిది. కొత్త పట్టికలో 18వ నంబరు జార్ఖండ్ నుంచి ఒడిశాలోని బాలేశ్వర్‌కు పోయే దారిది. కనుక 2005 నాటి పత్రికలో 40వ నంబరు అని కనిపిస్తే అది షిల్లాంగ్ దారి అవుతుంది. నేటి ప్రభుత్వ పత్రంలో 18వ నంబరు అని కనిపిస్తే అది బాలేశ్వర్ దారి అవుతుంది. మూలం తేదీ చూడకుండా ఉల్లేఖించినవారు మేఘాలయ వంతెనను తెచ్చి మైదుకూరు దగ్గర నిలబెడతారు.

జిల్లాల పేర్లది మరొక చిక్కు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా విడివడింది. రాయచోటి, పీలేరు అన్నమయ్య జిల్లాలో చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆనాటి వరకు మూడు జిల్లాలలో ఉన్న దారి మరునాటికి ఐదు జిల్లాలది అయింది. కడప పేరుకు ఇంగ్లీషు వర్ణక్రమం 2005లో మారింది. జిల్లా పేరు 2010లో వైఎస్ఆర్ జిల్లాగా, 2025లో వైఎస్ఆర్ కడప జిల్లాగా మారింది. పాత తెలుగు రచనలలోకి పోతే కర్నూలు కందనవోలు అవుతుంది. ఒకే తావుకు కాలాన్ని బట్టి వేరువేరు పేర్లు, ఒకే పేరుకు కాలాన్ని బట్టి వేరువేరు తావులు. కవికాల నిర్ణయంలో సరిగ్గా ఇటువంటి చిక్కు మీదనే మనం పుటలకు పుటలు రాస్తాం. అదే చిక్కును ఏ పేరూ ఆశించకుండా చర్చాపేజీలో విడదీస్తున్న మనిషిని మాత్రం పరిశోధకుడనడానికి మనకు నోరు రాదు.

హోదా గురించిన అభ్యంతరం కడపలో కూర్చొని చెప్పదగినది అసలే కాదు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను నియమించి, వ్రాతప్రతులను పోగుచేసి, ఒకదానితో ఒకటి సరిచూపించిన సి.పి. బ్రౌన్ ఉద్యోగం కుంపిణీ ప్రభుత్వంలో రెవెన్యూ, న్యాయ వ్యవహారాలది. తెలుగు విషయంలో ఆయన మొదటినుంచీ ఔత్సాహికుడే. ఆ బంగళా స్థలంలో వెలసిన భాషాపరిశోధన కేంద్రం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావు ఉద్యోగరీత్యా మునగాల సంస్థాన దివాను. 1923లో ఆయన మరణించేనాటికి ఆ సర్వస్వం అకారాన్ని దాటలేదు. వీరి జయంతులకు దండలు వేసే శాఖలు వీరి పనిని కొనసాగిస్తున్నవారిని హోదా అడగడం వింతగా ఉంది.

ఎవరైనా రాయవచ్చు కనుక తప్పులుంటాయన్న మాట నిజమే. 2009 ప్రాంతంలో గూగుల్ సంస్థ చేయించిన అనువాద వ్యాసాల తెలుగుతో స్వచ్ఛంద సంపాదకులు ఎన్నో ఏళ్ళు తంటాలు పడ్డారు. వేలాది గ్రామాల పేజీలు 2011 జనగణన అంకెల పట్టికలుగానే మిగిలాయి. కానీ ఈ లోపాలను మొదట గుర్తించి, తమలో తాము పోట్లాడుకొని, దిద్దడానికి పూనుకొన్నదీ వారే. బయటినుంచి చూసి నవ్వినవారు ఒక్క కామాను కూడా సరిచేయలేదు. పైగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు ఈనాడు వికీపీడియా వ్యాసాలను చదివి నేర్చుకొంటున్నాయి. రాయలసీమ గురించి అక్కడ ఉన్నదే అవి చెబుతాయి. అక్కడ లేనిదాన్ని ఏదో ఒకటి కల్పించి చెబుతాయి.

ఇక అసలు విషయం ఆధారాలు. స్వచ్ఛంద సంపాదకులు అడిగేది న్యాయమైన కోరిక: చెప్పిన ప్రతి మాటకు అచ్చులో ఉన్న మూలం, పుటసంఖ్య. ఈ దారి గురించి ఆ కోరిక తీర్చడానికి కూర్చొంటే ఏ పుస్తకాలు చేతికి వస్తాయి? గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875 నాటిది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886 నాటిది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి, రెండవది రాసింది తెలుగువాడే అయినా. అవి సర్కారు కచేరీ కోసం రాసినవి. దారి వాటిలో పన్ను, పంట, దళం కదలికల లెక్కగా కనిపిస్తుంది, నడిచినవారి అనుభవంగా కనిపించదు.

నడిచినవారి అనుభవం తెలుగులో లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలాల మీదుగా హైదరాబాదుకు సాగాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. దిగవల్లి వేంకటశివరావు 1941లో దానిని తిరిగి పరిష్కరించి ప్రకటించారు. కడప నుంచి ఉత్తరంగా నల్లమల అంచు పట్టిన ఆ ప్రయాణం నేటి 40వ రహదారి ప్రాంతంలోనిదే. ఊరికీ ఊరికీ మధ్య దారి తీరు, దిగడానికి వసతి, దొరికే సామగ్రి ఆయన వరసగా రాస్తాడు. మనం ఆ గ్రంథాన్ని యాత్రాసాహిత్యం అనే పెట్టెలో పెట్టి, శైలి మీదా నాటి సమాజం మీదా వ్యాసాలు రాసి ముగిస్తాం. ఆయన దిగిన ఊళ్ళను నేటి పటం మీద గుర్తించి, ఏ మజిలీ రహదారిలో కలిసింది, ఏ మజిలీ పక్కకు జరిగి మరుగునపడింది అని పుటసంఖ్యలతో ఒక పట్టిక వేస్తే, రహదారి వ్యాసంలో చరిత్ర అనే విభాగానికి అంతకంటె గట్టి పునాది ఉండదు. ఆ పట్టిక వేయగలిగినవారు తెలుగు శాఖలోనే ఉండాలి. ఇంజనీరింగు శాఖలో ఉండరు.

మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల సంగతీ ఇంతే. కడప జిల్లా కైఫీయత్తులు అచ్చులో ఉన్నాయి. ఊరి పుట్టుక, చెరువు, గుడి, పాలెగాని వంశం కోసం వాటిని తిరగేస్తాం. ఊరికి వచ్చే దారి కోసం తిరగేయం. కడప జిల్లా ఊళ్ళ పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన మన శాఖలకు గర్వకారణం. దాని ఫలితాలు రహదారి మీది ఊళ్ళ వ్యాసాలలోకి చేరవలసినవి. చేర్చడం ఎవరి పని అని అడిగితే మళ్ళీ మౌనమే. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగునీటితోపాటు పడవల రాకపోకలకు కూడా తవ్వింది. 1882లో ప్రభుత్వం దానిని కొనుక్కొంది. ధాత కరువు కాలంలో, 1876-78లో, దత్తమండలాల్లో కరువు పనులంటే చాలావరకు కంకర కొట్టడం, రోడ్లు వేయడం. 1877లో రిచర్డ్ టెంపుల్ ఆ కూలీల తిండిగింజలను రోజుకు ఒక పౌనుకు కుదించాడు. రాయలసీమ రోడ్డు మీద వ్యాసం రాస్తూ, ఆ రోడ్లకు కంకర కొట్టిన ఆకలిని వదలి కూడళ్ళ పట్టిక మాత్రమే ఇస్తే, ఈ నేల హైదరాబాదు నుంచి తిరుపతికి పోయేవారు కునుకు తీసే చోటుగానే మిగులుతుంది. కరువు సాహిత్యం మీద మన సిద్ధాంత గ్రంథాలు తక్కువేమీ లేవు. వాటిలోంచి రోడ్డు దాకా ఒక్క అడుగు వేసినవి ఎన్ని?

అలాగని స్వచ్ఛంద సంపాదకుల ప్రతి తీర్పునూ తలదాల్చవలసిన పనిలేదు. వారితో వాదించవలసిన చోట్లు మూడున్నాయి. మొదటిది పటం. పటం చూసి రాయడం సొంత పరిశోధన అవుతుందా, పటాన్ని ఆధారంగా ఒప్పుకోవచ్చా, ఏ రోడ్డుకు విడిగా వ్యాసం దక్కాలి అన్న తగవులు ఆంగ్ల వికీపీడియాలో ముదిరి, అమెరికా రహదారుల మీద రాసే సంపాదకులలో ఒక పెద్ద వర్గం 2023లో విడిపోయి వేరే విజ్ఞాన సర్వస్వం పెట్టుకొంది. ఈ తగవుకు శాసన పరిష్కర్తల దగ్గర పరిష్కారం ఉంది. కలమళ్ళ శాసనంలో చెదిరిన అక్షరాన్ని కుండలీకరణంలో చూపి, దాని అర్థంపై ఊహను వ్యాఖ్యలో వేరుగా రాస్తారు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్య కుందూ లోయలో దారి, కాలువ రెండూ ఉన్నాయనడం పటాన్ని చదవడం. దారి కాలువను అనుసరించి ఏర్పడిందనడం ఊహ. దానికి వేరే ఆధారం కావాలి. పాఠానికీ వ్యాఖ్యకూ ఉన్న ఈ గీతను వారికి చెప్పగలిగినవాళ్ళం మనమే. చెప్పలేదు.

రెండవది మౌఖిక ఆధారం. అచ్చులో లేనిది లేనట్టే అనే నియమం రేనాటికి తీరని నష్టం చేస్తుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద, 1866 కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీద పాటలు పాడుకొన్న సీమ ఇది. వికీపీడియా ఉద్యమంలోనే 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషలలో, మాట్లాడించి నమోదుచేసిన మాటను ఆధారంగా చూపే ప్రయోగం జరిగింది. తెలుగు జానపద విజ్ఞాన శాఖలు అటువంటి ప్రయోగానికి అందరికంటె ముందుండవలసినవి. మన సేకరణలు ఎక్కడున్నాయి? సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలో, గ్రంథాలయం మూలన. గువ్వలచెరువు కనుమ ఎక్కే ప్రతి బండీ పాలకోవా కోసం ఆగుతుంది. కానీ ఆ మాట రాస్తే ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు పడక తప్పదు. గుర్తు పెట్టిన మనిషి తప్పేమీ లేదు.

మూడవది భాష. ఇంగ్లీషు వాక్యాన్ని ఎదుట పెట్టుకొని రాయడంవల్ల రహదారులు తెలుగులో ‘నడుస్తున్నాయి’, ‘పరుగెడుతున్నాయి’. మన భాషలో దారి పోతుంది, చీలుతుంది, కలుస్తుంది, కనుమ ఎక్కి దిగుతుంది. నంది కనుమ అని పేరున్న చోట కూడా ‘ఘాట్ సెక్షన్’ రాయవలసిన అగత్యమేమిటి? రస్తా, డొంక, బండ్లబాట, అడ్డరోడ్డు, నాలుగురోడ్ల కూడలి అనేవి వేరువేరు మాటలు. ఒకదానికొకటి పర్యాయాలు కావు. 40వ రహదారి, 67వ రహదారి కలుసుకొనే మైదుకూరులో ఈ తేడా టీకొట్టువానికి తెలుసు. మాండలిక పదకోశాలు కూర్చిన శాఖలు ఈ విషయంలో సలహా ఇవ్వకపోతే ఎవరిస్తారు?

ఈ పనికి మార్కులు రావు గదా అన్న మాట మిగిలింది. 2010 నుంచి ఏపీఐ పట్టికలు మన పరిశోధనను లెక్కపెడుతూ వచ్చాయి. ఆ తరువాత యూజీసీ కేర్ జాబితా వచ్చింది, 2025లో అదీ పోయింది. ఏ పత్రికలో అచ్చయితే ఎంత విలువ అన్న నిర్ణయం మళ్ళీ విశ్వవిద్యాలయాల చేతికే వచ్చింది. రాయలసీమ, యోగి వేమన, శ్రీవేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తలచుకొంటే, ఎం.ఏ. చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా ఒక దారిలో ఒక మజిలీని ఇవ్వవచ్చు. కాశీయాత్ర చరిత్రలో దాని పుట, కైఫీయత్తులో దాని ప్రస్తావన, ఊరి పేరు వ్యుత్పత్తి, ఊళ్ళో పెద్దల మాట ధ్వనిముద్రణ, వీటిని కూర్చి విద్యార్థి వ్యాసంలో చేర్చాలి. దాని మీద చర్చాపేజీలో వచ్చిన అభ్యంతరాలకు విద్యార్థే సమాధానం చెప్పాలి. ఆ చర్చను మౌఖిక పరీక్షలో పరీక్షకుని ముందు పెట్టాలి. కర్నూలు నుంచి మొదలుపెడితే మొదటి సంవత్సరం నంద్యాల దాకా వస్తాం.