ఏ ఊరి మోడం చూసుకోవాలి?



ఆషాఢంలో బెంగళూరికి పోయొచ్చినోళ్లు ‘నాలుగు దినాలు పొద్దు మొగమే చూడలేదు’ అంటారు. అదే నెలలో చెన్నైలో ఎండ కాస్తా ఉంటుంది. కార్తీకం వస్తే ముసురు చెన్నైకి పోతుంది. చింతామణి, శ్రీనివాసపురం, హొసూరు పక్క మన పల్లెలకి మాత్రం రెండు మోడాలూ తప్పవు.

పట్నమోళ్లకి మోడమంటే గుడ్డలు ఆరవు, అంతే. మనకి పంటే పోతుంది. చలీ తేమా కలిస్తే సున్నపుకట్టు రోగం కాచుకోనుంటుంది. పోయిన కార్తీకంలో నేను ఫోన్‌లో బెంగళూరు వాతావరణం చూసి, వాన లేదులే అని తెల్లారే కోసిన తడి ఆకు వేసినాను. 100 గుడ్ల పంటలో సగం పురుగులు సుద్దముక్కల్లా బిగుసుకుపోయినాయి.

అందుకే నా అభిప్రాయం, ఫోన్‌ను నమ్మేది మానేసి ప్రతి షెడ్డులో తడి-పొడి థర్మామీటరు కట్టుకోవాలి. పెద్ద పురుగులకి 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. తేమ దాటితే ఆకు ఆరబెట్టి వేయండి, పడక పలచగా చేయండి, గాలి ఆడనీయండి. జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నం చల్లండి. గూడు కట్టేటప్పుడు తేమ ఎక్కువైతే నూలు సరిగా రాదు, శిడ్లఘట్ట మార్కెట్లో రేటు పడిపోతుంది.

ఈ పొద్దు మీ షెడ్డులో తేమ ఎంతుందో గ్రూపులో రాయండి.