ఇంటి ఖాతా: పొగ మీద పెట్టుబడి

బళ్ళారి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. వాళ్ళ అల్లుడి స్నేహితుడు, మరో ఇద్దరు కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారట. పాత లారీల సైలెన్సరుకు తగిలించే పరికరం ఒకటి చేస్తారట. తగిలిస్తే పొగ సగానికి సగం తగ్గుతుందట. పది లక్షలు పెడితే ఇంత వాటా అని రంగుల పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్ళారు. "అక్కయ్యగారూ, మీరు బ్యాంకులో పనిచేసినవారు. ఇది పెట్టదగినదేనా? గాలి బాగుపడే పని కదా, పుణ్యం కూడానేమో" అని అడిగారు. ఆ పుస్తకం జిరాక్సు కూడా జతచేశారు. చదువుతూ పోతుంటే నా కన్ను ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ఈ పరికరాన్ని ప్రభుత్వం త్వరలో తప్పనిసరి చేయబోతున్నదని ఉంది అందులో.

ఆ "త్వరలో" అన్న మాట నాకు పాత చుట్టం. దాని సంగతి చెప్పాలంటే మా ఇంటి సంగతే చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఈ శీర్షికలో మీ అందరి లెక్కలూ విప్పించాను గాని, నా లెక్క ఒకటి దాచుకున్నాను. మా అక్క కొడుకును అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం వెయ్యొద్దన్నాడు.

మాది హోసూరు. నేను 2013లో ఉద్యోగ విరమణ చేశాను. మరుసటి ఏడు మా అక్క కొడుకు ఇంటికి వచ్చాడు. ఇంజనీరు. ఇక్కడి ఒక పెద్ద బండ్ల కంపెనీలో పొగగొట్టాల విభాగంలోనే తొమ్మిదేళ్ళు చేశాడు. ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో సిప్‌కాట్‌లో ఒక షెడ్డు బాడుగకు తీసుకున్నాడు. చేతిలో ఒక ఉక్కు ముక్క తెచ్చాడు. పిడికిలంత ఉంటుంది, లోపలంతా తేనెపట్టు మాదిరి సన్నటి గదులు.

"చిన్నమ్మా, దీని మీద పూత పూస్తాం. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. విషపు గాలి ఈ గదుల్లోంచి పోతూ మామూలు గాలిగా మారిపోతుంది" అన్నాడు.

బండి పొగలో పూర్తిగా కాలని పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు ఉంటాయి. వేడెక్కిన ఆ పూత తాను ఖర్చు కాకుండా వాటిని నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా, నైట్రోజన్‌గా మారుస్తుంది. కాఫీ ఇచ్చి, నాకు అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పించుకున్నాను. వస్తువు నిజమైనది, పిల్లవాడికి పని వచ్చు. ఈ రెండింటిలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. గ్రాట్యుటీ డబ్బులోంచి 5 లక్షలు ఇచ్చాను. పది రూపాయల షేర్లు 50,000.

నేను అడగవలసి ఉండీ అడగనిది ఒకటే. దీన్ని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు?

మిక్సీ కొంటే పచ్చడి అవుతుంది, స్కూటరు కొంటే ఆఫీసుకు పోతాం. పొగను శుద్ధి చేసే పరికరం కొన్నవాడికి ఒరిగేదేమిటి? మైలేజీ పెరగదు, బండి అందం పెరగదు, ధర మాత్రం పెరుగుతుంది. మేలంతా వెనక నడిచేవాడి ఊపిరితిత్తులకు. అందువల్ల చట్టం మెడ మీద కత్తి పెడితే తప్ప ఎవరూ కొనరు. దీనికి పాత దృష్టాంతమే ఉంది. అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూద్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు లాస్ ఏంజెలెస్ పొగమంచు చూసి, 1950 ప్రాంతంలోనే ఇలాంటి పరికరం కోసం ఆక్సీ-కెటలిస్ట్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. ఆయన మామూలు మనిషి కాడు, ముడిచమురు శుద్ధిలో అప్పటికే పేరు మోసినవాడు. కాని ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ఆ పూతను చంపేస్తుంది. పైగా కార్లకు దీన్ని పెట్టి తీరాలన్న చట్టమూ లేదు. ఆయన 1962లో పోయాడు. అమెరికాలో గట్టి చట్టం 1970లో వచ్చింది, 1975 మోడల్ కార్లకు పరికరం వచ్చింది. అంటే కొనేవాడు పుట్టేసరికి కనిపెట్టినవాడు లేడు. మన దేశంలోనూ అంతే. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు తప్పనిసరి చేశాకే కెటలిటిక్ కన్వర్టర్ అన్న పేరు మన చెవిన పడింది. సీసం లేని పెట్రోలు దేశమంతటా రావడానికి 2000 ఫిబ్రవరి పట్టింది.

కనుక ఇలాంటి కంపెనీకి అసలు గిరాకీదారు ఢిల్లీలో వెలువడే ఒక ఉత్తర్వు. ఆ ఉత్తర్వులో ఉండే తేదీ.

మావాడు ఆ తేదీ మీదే లెక్క కట్టాడు. తప్పు పట్టను, లెక్క బాగానే కట్టాడు. ఇంధనాల గురించి కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2014లో నివేదిక ఇచ్చింది. భారత్ స్టేజ్ 5 అనే మెట్టు 2020 నాటికి, 6వ మెట్టు 2024 నాటికి అని అందులో ఉంది. "చూడు చిన్నమ్మా, పదేళ్ళు మెట్టు మెట్టుగా పని ఉంది" అని కాగితం మీద గీసి చూపించాడు. నాలుగో మెట్టుకు ఒక సైలెన్సర్ల తయారీదారు దగ్గర ఆర్డరు దొరికింది. కొత్త మోడల్ ద్విచక్ర వాహనాలకు అది 2016 ఏప్రిల్ నుంచి, అన్నింటికీ 2017 ఏప్రిల్ నుంచి. ఐదో మెట్టుకు పూత ఎలా ఉండాలని ముగ్గురూ రాత్రింబవళ్ళు కూర్చున్నారు. నమూనాలు పరీక్ష కోసం పూనా పంపడం, అవి తిరిగొచ్చేదాకా దేవుడికి మొక్కుకోవడం.

2016 జనవరిలో కేంద్రం ఒక ప్రకటన చేసింది. ఐదో మెట్టు ఉండదు, నాలుగు నుంచి నేరుగా ఆరుకు, అదీ 2020 ఏప్రిల్ 1కే.

దేశానికి అది మంచి నిర్ణయం. నేను ఆ మాట అప్పుడూ అన్నాను, మా అక్క ముఖం ముడుచుకుంది. నా 5 లక్షలు కూడా ఆ ఐదో మెట్టులోనే ఉన్నాయని ఆమెకు గుర్తుచేయలేదు. ఆరో మెట్టు అంటే ఒట్టి పూత మార్చడం కాదు. కార్బురేటరు పోయి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఏర్పాటు రావాలి, ఇంజను లెక్కలన్నీ మారాలి. బండ్ల కంపెనీలు గడువు భయంతో పెద్ద పేర్ల దగ్గరకే పోయాయి. బాస్ఫ్, జాన్సన్ మాథీ, యుమికోర్ లాంటి ప్రపంచస్థాయి సంస్థలకు ఇక్కడే ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాళ్ళ ముందు సిప్‌కాట్ షెడ్డు ఎంత? పరీక్షలో తప్పితే బండి మోడలే ఆగిపోతుంది, అలాంటి చోట కొనుగోలు అధికారి కొత్తవాడిని నమ్మడు. ఆ కుర్చీలో నేనున్నా నమ్మను.

గడువుల సంగతి ఇంకొకటి. 2017 మార్చి 29న, ఏప్రిల్ 1 నుంచి మూడో మెట్టు బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దేశంలో 8 లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి, ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలే. ఆ రెండు రోజులు మా ఊరి షోరూముల ముందు తిరునాళ్ళే. వేలకు వేలు తగ్గించి ఇచ్చారు. మా పక్కింటాయన అవసరం లేకపోయినా రెండు కొన్నాడు, రెండోది ఇప్పటికీ ఎవరూ తొక్కరు. అది అటుంచితే, మూడు రోజుల వ్యవధిలో పెద్ద కంపెనీలే ఇబ్బంది పడ్డాయంటే, చిన్నవాడి అరలో ఉన్న సరుకు ఏమవుతుందో ఊహించుకోండి.

తర్వాతిది లోహాల ధర. ఇది నిజానికి బ్యాంకువాళ్ళు ముందే చూడవలసింది, నేనూ చూడలేదు. 2016 మొదట్లో ఔన్సు పల్లాడియం 500 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2020 ఫిబ్రవరికి 2,500 దాటింది. రోడియం 2016లో 700 లోపు, 2021 మార్చిలో 29,000 ప్రాంతం. ప్రపంచమంతా పొగ చట్టాలు బిగించేసరికి అందరూ ఆ మూడు లోహాల కోసమే పరుగెత్తారు. పెద్ద సంస్థలు లోహం ధరను బండ్ల కంపెనీకే వేసేలా ఒప్పందం రాసుకుంటాయి. మావాడు లోహం రొక్కమిచ్చి కొని, సరుకు ఇచ్చిన 90 రోజులకు డబ్బు తీసుకునేవాడు. ధర ఏమో పాత ఒప్పందం ధర. ఆర్డరు పెరిగే కొద్దీ నష్టం పెరిగింది. పుస్తకాల్లో అమ్మకాలు పైకి పోతుంటే మా అక్క సంతోషపడేది, నేను వాడి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు చూసి భయపడేదాన్ని.

2018 దీపావళికి వాడు వచ్చి కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది గాని ముట్టలేదు. బ్యాంకు ఇంకా హామీ అడుగుతోందట. "చిన్నమ్మా, నీ ఇంటి కాగితాలు పెడితే పరిమితి పెంచుతామన్నారు. ఒక్క సంవత్సరమే."

షేరు కొన్నవాడి నష్టం షేరు డబ్బుతో ఆగిపోతుంది. హామీ సంతకం పెట్టినవాడి నష్టానికి ఆ గోడ లేదు. ముప్పై రెండేళ్ళు ఇతరుల చేత అలాంటి సంతకాలు పెట్టించుకున్న దాన్ని, వేలం నోటీసులు టైపు చేయించిన దాన్ని. "నాయనా, డబ్బు పోతే పోయింది, ఇల్లు మాత్రం అడగొద్దు" అన్నాను. వాడు లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు, ఒక్క మాట అనలేదు. అన్నది మా అక్క. "కన్నబిడ్డయితే ఇట్లా అనేదానివా?" అని ఫోను పెట్టేసింది. సంవత్సరంన్నర మాటల్లేవు. ఆమె మనవరాలి పేరు పెట్టే వేడుకకు నన్ను పిలవలేదు. మా ఇంటాయన ఒక్కరే వెళ్ళి వచ్చారు. ఆ రాత్రి నేను కాగితాలు తీసి మళ్ళీ లెక్క వేశాను, తప్పు చేశానేమోనని. లెక్క మారలేదు. నిద్ర మాత్రం పట్టలేదు.

2019లో వాడు పూత వేసే యంత్రాన్ని ఆపేశాడు, సగం ధరకు అమ్మేశాడు. వెల్డింగు భాగం మిగిలింది. సైలెన్సరు పైకవచాలు అతికించే పని ఇతరులకు చేసి పెడుతూ లాక్‌డౌను దాటాడు. ఆ తర్వాత చిత్రం చూడండి. 2021లో మా హోసూరులోనే ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది, మా జిల్లాలోనే పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ వచ్చింది. బ్యాటరీ బండికి సైలెన్సరే లేదు, ఇంక పూత మాటెక్కడ? మావాడు ఇప్పుడు అలాంటి బండ్లకు వేరే చిన్న కంపెనీ ద్వారా స్టాండ్లు, ఉక్కు పట్టీలు చేసి ఇస్తున్నాడు. ఇరవై రెండు మంది పనిచేస్తున్నారు, జీతాలు ఒకటో తారీకుకే.

నా షేర్లు 2023లో వాడి బావమరిది కొన్నాడు. 3 లక్షల 20 వేలు చేతికొచ్చింది. ప్రైవేటు కంపెనీ షేరు బజారులో అమ్ముకునేది కాదు, కొనేవాడు కూడా లోపలివాళ్ళకు నచ్చాలి. అంత దొరకడమే గొప్ప. అదే డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉంటే ఆ తొమ్మిదేళ్ళలో సుమారు రెట్టింపు అయ్యేది.

ఇక బళ్ళారి చెల్లెలి కాగితం. అక్కడ పరిస్థితి మావాడికంటే కష్టం. వీళ్ళది కొత్త బండ్లకు కాదు, పాత బండ్లకు. పాత లారీ యజమాని తనంతట తాను ఈ ఖర్చు పెట్టడు. ప్రభుత్వం తీరు చూస్తే పాతవాటిని బాగుచేయించడం కంటే తీసేయించడం వైపే మొగ్గింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అన్నది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, 2021లో తుక్కు విధానం వచ్చింది. మళ్ళీ 2025 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు ఆ యజమానుల మీద కఠిన చర్యలు వద్దని ఆపింది. ఇన్ని మలుపుల్లో పరికరం తగిలించుకోమన్న మాట దేశం మొత్తానికి ఎక్కడా రాలేదు. పైగా పుస్తకం చివర డీజిలు కూడా ఆదా అవుతుందని రాశారు. అక్కడ నాకు ఇంకా అనుమానం వచ్చింది. ఇంధనం ఆదా చేస్తామన్న సాధనాలను వందకు పైగా అమెరికా పర్యావరణ సంస్థ పరిశీలించింది. చెప్పుకోదగ్గ ఆదా ఒక్కదానిలోనూ కనిపించలేదు.

చెల్లెలూ, ఆ కుర్రవాళ్ళను మూడు కాగితాలు అడుగు. గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఇచ్చిన పరీక్ష నివేదిక, పూర్తిగా, మొదటి పేజీ ఒక్కటే కాదు. డబ్బు చెల్లించి కొన్నవాళ్ళ బిల్లులు, వాళ్ళు ఉచితంగా తగిలించినవి కాదు. తప్పనిసరి అవుతుందన్నారు కదా, ఆ ఉత్తర్వు నంబరు, తేదీ. మూడోది లేకపోతే మిగతా రెండూ ఎంత బాగున్నా పది లక్షలు వద్దు. అల్లుడి మాట తీసేయలేకపోతే, పోయినా పండుగ ఆగనంత డబ్బు ఇవ్వు. ఇంటి కాగితాలు మాత్రం బీరువా దాటనీయకు.

మా అక్క మళ్ళీ మాట్లాడుతోంది. పోయిన ఉగాదికి వాడే ఇద్దరినీ కారులో కూర్చోబెట్టుకుని చంద్రచూడేశ్వరుడి గుడికి తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు నా చేతిలో పాత తేనెపట్టు ముక్క ఒకటి పెట్టాడు, పూత లేనిది. బళ్ళారి ఉత్తరం ఎగిరిపోకుండా దాని మీద ఇప్పుడు అదే ఉంది.