కొండా, కెమెరా, నేనూ

మా కాలేజీలో నన్ను తెలుగు లెక్చరరుగా ఎరిగినవాళ్లకంటే "ఫోటోల అయ్యోరు"గా ఎరిగినవాళ్లే జాస్తి. వసుచరిత్ర చెప్పుకుని బతకవలసిన మనిషికి క్రేన్లతోనూ, కంకర కుప్పలతోనూ ఏం పని అని మా ఆవిడ అడుగుతూనే వుంటుంది. సరైన జవాబు నా దగ్గరా లేదు. హార్సిలీ కొండమీద మబ్బుల్ని మదనపల్లెలో ఫోను వున్న ప్రతివాడూ తీస్తాడు. కొండను కోసేవాణ్ణీ, కాలవ తవ్వేవాణ్ణీ తీసేవాళ్లు తక్కువ. నేను ఆ తక్కువలో చేరాను, అంతే.

హంద్రీ-నీవా కాలవ తవ్వకం మా వైపు సాగినన్నాళ్లూ నాకు ఆదివారం అన్నది లేదు. శ్రీశైలం జలాశయం నీటిని మల్యాల దగ్గర ఎత్తి, అనంతపురం సీమ దాటించి, మా మదనపల్లె వైపుగా పుంగనూరుకూ, ఆ కాలవలోంచి చీలిన సుమారు 123 కిలోమీటర్ల పాయలో కుప్పానికీ తేవాలన్నది ఏర్పాటు. ఏడాది పొడుగునా పారే ఏరు లేని మూల మాది. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో ఆ నీటికి హారతి పట్టారు. నా దగ్గరున్న ఫోటోలన్నీ అంతకు ముందువి. నీళ్లు లేని కాలవ, అందులో ఎర్రమట్టి, మట్టిలో మనుషులు.

ఇటువంటి చోట ఫోటో తీసేవాడికి మొదట ఎదురయ్యే చిక్కు ప్రమాణం. ఎంత లోతు తవ్వినా ఫోటోలో పిల్లకాలవలాగే కనిపిస్తుంది. పక్కన కొలతకు ఏదైనా ప్రాణిని నిలబెట్టాలి. పుంగనూరు దగ్గర వొకసారి మనుషులెవరూ దొరక్క, గట్టుమీద మేస్తున్న ఆవును పెట్టి తీశాను. ఆ ఫోటో చూసినవాళ్లంతా "అబ్బో, గంగానదంత వుందే!" అన్నారు. అది పుంగనూరు ఆవండీ. మూడడుగుల ఎత్తుంటే గొప్ప. ఆవును మామూలు ఆవనుకున్నవాళ్లకు కాలవ ఇంతకింతయి కనిపించింది. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అపాయాలు వేరే రకం. తవ్విన గట్టు అంచు చూడటానికి గట్టిగానే వుంటుంది, కాలు పెడితే జారుతుంది. పొక్లెయిను డ్రైవరు ముఖం మనకు కనబడలేదంటే మనం అతనికి కనబడటం లేదన్నమాట. ఆ వెనకవైపు నిలబడటం లారీకి ఎదురెళ్లటం వంటిదే. దుమ్ము కటకంలో దూరితే దులపటానికి జీతంలో సగం పోతుంది. ఇక అనుమతి మాట. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఈనాటికీ వుంది. నిషిద్ధ స్థలమన్నచోట కెమెరా ఎత్తితే మేష్టరీ ఏమీ అక్కరకు రాదు.

కుప్పం క్వారీ సంగతి చెబుదామనే మొదలుపెట్టాను. "కుప్పం గ్రీన్" అనే పచ్చరాయి విదేశాల ఇళ్లలో గచ్చులయి మెరుస్తూంటుంది. దాన్ని కొండనుంచి విడదీసే పద్ధతి చూడవలసిందే. రాతిలో పైనుంచి వొకటీ, పక్కనుంచి వొకటీ బెజ్జాలు వేసి లోపల కలుపుతారు. వజ్రపు రజను పొదిగిన పూసలు గుచ్చిన తీగను వాటిలోంచి దూర్చి, మాలలా ముడివేసి యంత్రానికి తగిలిస్తారు. యంత్రం తీగను గిరగిర తిప్పుతూ పట్టాలమీద వెనక్కి జరుగుతుంది, రాయి వెన్నముద్దలా తెగుతుంది. వేడెక్కకుండా నీళ్లు పోస్తూనే వుంటారు. ఆ తీగ సూటిగా కెమెరావైపు వొచ్చే కోణం దొరికితే ఫోటో అద్భుతంగా వుంటుందని నేను సరిగ్గా దానికి ఎదురుగా నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి ఈడ్చారు.

"తీగకు ఎదురుంగా ఎవురన్నా నిలబడతారా అయ్యోరా? తెగితే ఆ పూసలు తుపాకి గుండ్ల మాదిరి వస్తాయి."

పాతికేళ్ల కుర్రవాడు. ఆ పూట తీగ తెగలేదు. కాని నా మోకాళ్లు కుదుటపడటానికి చాలాసేపే పట్టింది. ఆ తర్వాత అతను డ్రిల్లు భుజాన వేసుకుని రాతి అంచుమీదికి ఎక్కుతూంటే, వెనక సూర్యుడు వస్తూంటే, వొక్క ఫోటో తీశాను. నేను తీసినవాటిలో అంతకంటె మంచిది లేదు.

ఇక్కడ నాగార్జునసాగరం గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలిన ఆ రాతి ఆనకట్ట ఫోటోలు చిన్నప్పుడు పాత పత్రికల్లో ఎన్నో చూశాను. తలమీద రాళ్లతో ఎక్కే ఆడవాళ్లూ, మగవాళ్లూ. నేను చూసినవాటిలో వొక్కదాని కిందా వొక్క పేరు లేదు. అమెరికాలో లూయీ హైన్ అని వొకాయన వుండేవాడు. ఆయనా మొదట బడిపంతులే. దొంగతనంగా ఫ్యాక్టరీల్లో దూరి పనిపిల్లల ఫోటోలు తీసి, వాళ్ల పేర్లూ వయస్సులూ రాసిపెట్టాడు. 1930-31లో ఎంపైర్ స్టేట్ భవనం కడుతూంటే బుట్టలో వేలాడుతూ పనివాళ్లను తీశాడు. ఆయనలా చెయ్యాలని నాకు మహా ఉబలాటం. అంచేత మా కాలేజీ వార్షిక సంచికలో కుర్రవాడి ఫోటో అచ్చయినప్పుడు, కింద పేరూ ఊరూ పట్టుబట్టి వేయించాను.

ఫోటోలో అతని తలకు హెల్మెట్టు లేదు, నడుముకు తాడు లేదు. అప్పట్లో అమల్లో వున్న 1952 నాటి గనుల చట్టం క్వారీలకూ వర్తించేది. సంచిక చేతులు మారి క్వారీవాళ్ల దగ్గరికి చేరింది. ఇన్‌స్పెక్టర్లు చూస్తే తమకు ముప్పని వాళ్లు హెల్మెట్లు తెప్పించలేదు. కుర్రవాణ్ణి రేపట్నుంచి రావద్దన్నారు. ముఖం నీడలో వుండిపోయిన ఆ బొమ్మలో మనిషిని పోల్చటం ఎవరివల్లా అయ్యేది కాదు. పట్టించింది కింద నేను వేయించిన పేరు.

నాకీ సంగతి రెండు నెలల తరువాత తెలిసింది. మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు మోస్తున్నాడంటే వెతుక్కుంటూ వెళ్లాను. ఏమనాలో తోచలేదు. "నావల్ల..." అంటూండగానే చెయ్యి తుడుచుకుని నవ్వాడు.

"ఆ రాయి పనికి ఆస్తమా వస్తాది అయ్యోరా, మా యమ్మ వద్దనే అంటాండె" అన్నాడు. అది నిజమో, నా మొహం చూసి అన్నమాటో. కూలి అక్కడికంటె తక్కువ. అది నేనడిగితే చెప్పాడు, తనంతట చెప్పలేదు.

కాసేపటికి మళ్లీ తనే అన్నాడు: "మీరు తీసింది శానా బాగుందంట గాని, దాంట్లో మొగమే కనపడలే. మా యమ్మ పెండ్లి సమ్మందం చూస్తాండాది. మొగం కనపడేటట్ల వొకటి తీస్తారా?"

పక్క మండీలో గుమాస్తా దగ్గర తెల్లచొక్కా అరువు తెచ్చుకున్నాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, సున్నం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కెమెరా ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్రేట్లు పడకుండా తియ్యండి అయ్యోరా."

రెండడుగులు పక్కకు జరిగి తీశాను.