కొత్త కెమెరా కొనే ముందు పాత క్యాసెట్ల పెట్టె తెరవండి

"ఏమ్మా, సినిమాల మీద పీహెచ్‌డీ చేస్తున్నావ్ గదా. మంచి కెమెరా ఏదో ఒకటి చెప్పు. నాది పోయింది" అని ఫిబ్రవరిలో మా చిన్నాన్న ఫోన్ చేశాడు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. పదహారేళ్ల కింద ఎవరో వాడి అమ్మేసిన మినీ డీవీ హ్యాండీక్యామ్ ఒకటి కొన్నాడు. అప్పట్నుంచి మా వాడలో ఏప్రిల్ 14 సభలు, పెళ్లిళ్లు, క్రిస్మస్ నాటకాలు, పిల్లల చేత వేయించిన నాలుగైదు చిన్న సినిమాలు, అన్నీ దాంతోనే తీశాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. ఇప్పుడా కెమెరా క్యాసెట్‌ను మింగేసి తెర మీద "సి 32" అని చూపిస్తోంది. సోనీ టేపు కెమెరాలు వాడినవాళ్లకు ఈ అంకె తెలుసు. లోపల టేపును లాగే యంత్రం ఎక్కడో పట్టేసిందని అర్థం.

హాస్టల్లో తెలిసినవాళ్లను అడిగాను. సగం మంది "ఫోన్ చాలదా?" అన్నారు. మిగతా సగం "మిర్రర్‌లెస్ తీసుకోమను, లుక్ వేరే ఉంటుంది" అన్నారు. రెండూ తప్పు సలహాలేనని నా అభిప్రాయం. ఇలాంటి ప్రశ్న ఇది చదివేవాళ్లలో చాలామందికి ఊరి నుంచి వచ్చే ఉంటుంది. ఫీల్డ్‌వర్క్‌కు బయలుదేరే ముందు మనకు మనం వేసుకునే ప్రశ్న కూడా ఇదే.

ముందు ఫోన్ సంగతి. మంచి వెలుతురులో, దగ్గర కూర్చున్న మనిషిని ఇవాళ్టి ఫోన్ పాత హ్యాండీక్యామ్ కంటే ఎంతో బాగా తీస్తుంది. అందులో వాదన లేదు. కానీ చిన్నాన్న పని అది కాదు. ఏప్రిల్ ఎండలో రెండున్నర గంటల సభ తీయాలి. ఫోన్ వేడెక్కుతుంది, మెమరీ నిండుతుంది, మధ్యలో డిపో నుంచి కాల్ వస్తుంది. జనం వెనకాల నిలబడి వేదిక మీది మనిషి ముఖం తీయాలంటే లెన్సుతో చేసే జూమ్ కావాలి. మామూలు ఫోన్లో జూమ్ అంటే చాలావరకు బొమ్మను కోసి సాగదీయడమే. క్యామ్‌కార్డర్లలో ఇరవై, ముప్పై రెట్ల ఆప్టికల్ జూమ్ మామూలు విషయం. పైగా ఫోన్లో తీసింది వాట్సాప్‌లో నలిగి నలిగి తిరుగుతుంది. ఫోన్ మారిన రోజున అసలుది పోతుంది.

ఇక మిర్రర్‌లెస్. సెకండ్‌హ్యాండ్‌లో మనకు అందే ధరకు దొరికే ఫొటో కెమెరాల్లో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్ల గడువు ఉంటుంది. ఆ తర్వాత రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది. దీనికి కారణం సాంకేతికం కాదు, పన్ను. ఏకబిగిన 30 నిమిషాలు, ఆపైన రికార్డు చేసే పరికరాన్ని యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ నిబంధనలు వీడియో కెమెరాగా లెక్కగట్టి అదనపు సుంకం వేసేవి. కంపెనీలు ఆ సుంకం తప్పించుకోవడానికి ఒక్క సెకను ముందే ఆపేశాయి. ఎక్కడో రాసుకున్న పన్నుల పట్టిక మా వాడలో ఒక ముసలాయన మాటను సగంలో కోసేస్తుందన్నమాట. కొత్త మోడళ్లలో చాలావాటికి ఈ గడువు తీసేశారు, గానీ వాటి ధర చిన్నాన్న మూడు నెలల జీతం.

అందరూ మెచ్చుకునే ఆ "లుక్" మీద నాకు వేరే అభ్యంతరం ఉంది. పెద్ద సెన్సర్, పెద్ద లెన్సు కలిస్తే మనిషి స్పష్టంగా, వెనకంతా మసకగా వస్తుంది. పెళ్లి ఆల్బమ్‌కు బాగుంటుంది. మా వాడలో మనిషి వెనక ఏముంటుంది? సగం కట్టి ఆగిన గోడ, కుళాయి దగ్గర బిందెలు, నీలం రంగు దిమ్మె, ఎవరో రాసి ఎవరో చెరిపేసిన పేరు. రేపు పరిశోధన చేసేవాళ్లకు కావలసింది అదే. క్యామ్‌కార్డర్ సెన్సర్ వేలిగోరంత కూడా ఉండదు కాబట్టి ముందున్నదీ వెనకున్నదీ దాదాపు ఒకే స్పష్టతతో వస్తుంది. సినిమా కోర్సుల్లో దీన్ని లోపంగా చెబుతారు. రాత్రి సభల్లో దాని బొమ్మ ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుందన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటాను.

ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన "సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్" చూసినవాళ్లకు అందులో కెమెరా నీళ్లలో పడిపోయే ఘట్టం గుర్తుండాలి. మరమగ్గాల ఊళ్లో నాసిర్ షేక్, ఆయన మిత్రులు పోగుచేసుకున్న డబ్బుతో సూపర్‌మేన్ సినిమా తీస్తుంటే ఉన్న ఒక్క కెమెరా తడిసి షూటింగ్ ఆగిపోతుంది. స్టూడియోలో అయితే అదో చిన్న ఇబ్బంది. అభిరుచితో తీసేవాళ్లకు కెమెరా ఆగితే సినిమాయే ఆగుతుంది. మా డిపార్ట్‌మెంట్‌లోనూ ఒక మంచి కెమెరా ఉంది. మూడు సంతకాలు పడితే గాని బీరువా దాటదు. దాన్ని బయట చూసినవాళ్లను నేనింకా కలవలేదు.

కొనేటప్పుడు చిన్నాన్నను అడగమన్నవి రెండే. మైక్ పిన్ను పెట్టుకునే చోటు ఉందా, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు ఉందా. తక్కువ ధరలో బాగా అమ్ముడైన సోనీ సీఎక్స్405లో ఈ రెండూ లేవు. బొమ్మ బాగున్నా మాట వినపడని వీడియో సభకు పనికిరాదు. గరుకు బొమ్మతో సర్దుకోవచ్చు, వినపడని మాటను మళ్లీ పుట్టించలేం. మైక్ పెట్టుకునే వీలుంటే వెయ్యి రూపాయల కాలర్ మైక్ కూడా పెద్ద తేడా తెస్తుంది. కొనేటప్పుడు పిన్ను చూసుకోవాలి. ఫోన్ మైక్ పిన్నుకు మూడు నల్ల గీతలు, కెమెరా మైక్ పిన్నుకు రెండు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇక్కడ అమ్మేసే కెమెరాల గురించి ఒక హెచ్చరిక. అవి సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు తీస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. రెంటికీ పొత్తు కుదరక సభంతా వెలుగు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. షట్టర్‌ను వందో వంతుకు మార్చుకునే వీలుంటే సర్దుకుపోతుంది, చవక మోడళ్లలో ఆ వీలు ఉండదు. తక్కువకు వస్తోందని తీసుకోవద్దు.

ఇంతవరకూ తేలికే. చివరికి 2016లో వచ్చిన సోనీ ఏఎక్స్53 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. ఇరవై రెట్ల జూమ్, మైక్, హెడ్‌ఫోన్ అన్నీ ఉన్నాయి. 4కే ఆపేసి ఫుల్ హెచ్‌డీలో తీయమన్నాను, కార్డులు, డిస్కులు ఆదా అవుతాయి. అప్పుడు అడిగాను, "పాత క్యాసెట్లు ఏం చేశావు చిన్నాన్నా?" అని.

"ఉన్నాయమ్మా, ట్రంకు పెట్టెలో. ఇక దేంట్లో వేసి చూస్తాం?"

43 క్యాసెట్లు. కొత్త కెమెరా ఏదీ వాటిని చదవదు. ఇంకో పాత మినీ డీవీ కెమెరా తెస్తే సరిపోతుందనుకున్నాను. కానీ వాటిలో 17 క్యాసెట్లు ఎల్‌పీ మోడ్‌లో తీసినవి. టేపు ఖర్చు కలిసొస్తుందని గంట క్యాసెట్‌లో గంటన్నర నింపాడు. ఎల్‌పీలో టేపు నెమ్మదిగా నడుస్తుంది, దాని మీద గీతలు సన్నగా దగ్గరదగ్గరగా పడతాయి. అలా తీసినవి తీసిన కెమెరాలో తప్ప ఇంకోదాంట్లో సరిగా ఆడతాయన్న హామీ లేదు. కాబట్టి కొత్తది కొనడం కంటే ముందు పాతది బాగు చేయించాలి. మనం ఈ వరస తిరగేస్తాం. కొత్తది రాగానే పాతది పాత సామాన్లవాడికి పోతుంది, దాంతో పాటు పదహారేళ్ల వాడ చరిత్రకు తాళంచెవి కూడా.

ఆర్కైవ్‌ల గురించి సెమినార్లలో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మన ఇళ్లలోని ట్రంకు పెట్టెలు మనకు ఆర్కైవ్‌గా తోచవు. నాకూ తోచలేదు, ఆ ఫోన్ వచ్చేదాకా.

కోఠి గుజరాతీ గల్లీలో వారం తిరిగితే టేపు కెమెరాలు ఇంకా విప్పే ఒకాయన దొరికాడు. క్యాసెట్ చిరగకుండా బయటికి తీసి, గట్టిపడ్డ గ్రీజు తుడిచి, మళ్లీ నడిపించాడు. ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పలేనన్నాడు. ఫైర్‌వైర్ కార్డున్న పాత డెస్క్‌టాప్ ఒకటి మిత్రుడి దగ్గర ఉంది. ఈ టేపుల్లో ఉన్నది ఉన్నట్టు దించుకోవడానికి దారి అదే, కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు లేదు. గంట రికార్డింగ్ దించడానికి గంట పడుతుంది, 13 జీబీ అవుతుంది. అన్నీ కలిపి 650 జీబీ పైనే. ఒక టెరాబైట్ డిస్కులు రెండు కొన్నాం, ఒకటి ఊళ్లో, ఒకటి నా దగ్గర.

ఎల్‌పీవే ముందు దించుతున్నాం, యంత్రం నడిచినంతకాలం. మూడో క్యాసెట్‌లో మా నాయనమ్మ ఉంది, నాట్ల పాట పాడుతోంది. కెమెరాలోని మైకే కాబట్టి పాట పొడుగునా టేపు మోటారు గుర్రుమంటూనే ఉంది. చిన్నాన్న మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పబోతే ఆపాను, టేపు అరుగుతుందని. ఫైల్ పెట్టి చూపించాను. ఎల్‌పీవి ఇంకా పద్నాలుగు ఉన్నాయి.