లాభం లేకనే దించుకున్నారా?

ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే అమెరికా కంపెనీ ఎపిక్ సిస్టమ్స్ తన వ్యాపార రహస్యాలు కాజేశారంటూ వేసిన కేసులో టీసీఎస్ పెట్టుకున్న అర్జీని వినడానికే అమెరికా సుప్రీంకోర్టు 2023 నవంబరులో నిరాకరించింది. కంపెనీ 958 కోట్ల రూపాయలను ఒక్కసారి ఖర్చుగా ఖాతాల్లో రాసుకుని, ఆ పద్దు తీసేస్తే లాభం ఎంతో ప్రకటించి ముందుకు సాగిపోయింది. 2016లో జ్యూరీ తీర్పు వచ్చినప్పుడు అన్న మాటను మాత్రం తప్పని ఒప్పుకోలేదు. ఎపిక్ పోర్టల్ నుంచి దించుకున్న పత్రాలతో తాము ఏ లాభమూ పొందలేదట!

లాభం లేకపోతే 1,600కు పైగా పత్రాలు ఎందుకు దించుకున్నట్టు? ఎపిక్ సాఫ్ట్‌వేర్ వాడే కైజర్ పర్మనెంటే ఆసుపత్రులకు అప్పట్లో టీసీఎస్ చేస్తున్నది టెస్టింగ్ పని. ఆ పనికి పోర్టల్ తలుపు తెరవమంటే ఎపిక్ కుదరదంది. అప్పుడు కైజర్ ఉద్యోగినని చెప్పి ఒక టీసీఎస్ ఉద్యోగి సంపాదించిన లాగిన్ చేతులు మారింది. అదే కాలంలో, అపోలో ఆసుపత్రుల కోసం తయారైన మెడ్ మంత్ర అనే సొంత సాఫ్ట్‌వేర్ టీసీఎస్ దగ్గర ఉంది. ఎపిక్‌లో ఏమున్నాయో, మెడ్ మంత్రలో ఏం లేవో పక్కపక్కన పెట్టి చూసుకున్న పట్టిక కోర్టుకెక్కింది. ప్రత్యర్థి ఏళ్ల తరబడి తేల్చుకున్నది ఒక పట్టికలో దొరికితే ఆ మేరకు పరిశోధన ఖర్చు మిగిలినట్టే. అప్పీలు కోర్టు 14 కోట్ల డాలర్ల పరిహారం నిలబెట్టింది ఆ మిగులు లెక్క మీదే. శిక్షగా మరో 14 కోట్లు పడ్డాయి. ఇంత జరిగాక కూడా లాభం లేదనడం వాటాదారుల చెవిలో పువ్వు పెట్టడమే.

ఎపిక్ కోడ్ మెడ్ మంత్రలోకి చేరినట్టు రుజువు కాలేదు, జ్యూరీ మొదట వేసిన 94 కోట్ల డాలర్లు అతి. రెండూ నిజమే. అయినా ఆ పట్టికతో మిగిలిన పరిశోధన ఖర్చు లాభం కాకుండా పోదు.

ఇది ఒక్క కంపెనీ పరువు సంగతి కాదు. సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు రక్షణ అంతంతమాత్రమే. రోగుల రికార్డులను ఆన్‌లైన్‌లో చూపే పద్ధతిపై మైమెడికల్‌రికార్డ్స్ అనే కంపెనీకున్న పేటెంటును కాలిఫోర్నియా కోర్టు 2014లోనే కొట్టేసింది. మన పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త ప్రోగ్రాముకు పేటెంటే రాదు. అలాంటప్పుడు మిగిలే ప్రధాన రక్షణ గోప్యత ఒప్పందం. ఆ ఒప్పందమే టీసీఎస్ సినర్జీ పార్క్ సహా హైదరాబాద్‌లోని గచ్చిబౌలి క్యాంపస్‌లన్నిటికీ అన్నం పెడుతోంది. (జేబులో పెన్‌డ్రైవ్ ఉందేమోనని కుర్ర ఇంజినీరును గేటు దగ్గరే తడిమి చూసే పరిశ్రమ ఇది.)

లాభం పొందలేదన్న మాటను టీసీఎస్ బహిరంగంగా ఉపసంహరించుకోవాలి. ఆ లాగిన్ సంగతి పైస్థాయిలో ఎవరెవరికి తెలుసో, వారిపై ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి. వ్యాపార రహస్యాల రక్షణకు మన దేశంలో ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు. దాన్ని తేవడంలో కేంద్రం ఇక తాత్సారం చేయకూడదు.